చుక్క ఎర్రగానే ఉంది

ఫిబ్రవరి 3, సోమవారం

చుక్క ఎర్రగా ఉంది. పొద్దున ఆఫీసు తాళం తీసి కంప్యూటర్ పెట్టగానే చూశాను, ఎరుపు. కిందికి దిగి టీ తాగొచ్చి చూశాను, ఎరుపే.

మా సంస్థ లిస్బన్ హెడ్డాఫీసు వాళ్ళు ఈ ఏడు మహిళా సంఘానికిచ్చిన పసుపు ఉడికించే బాయిలర్‌కి ఒక నల్ల డబ్బా బిగించారు. బాయిలర్ ఎక్కడుందో, వేడిగా ఉందో లేదో ఆ డబ్బా వాళ్ళకి చెబుతుందట. రాసిచ్చిన చోట, పనివేళల్లో, అంటే తొమ్మిది నుంచి అయిదు దాకా, వేడిగా ఉంటే మ్యాపు మీద చుక్క ఆకుపచ్చగా కనిపిస్తుంది. లేకపోతే ఎరుపు. రాసిచ్చిన చోటంటే మోర్తాడ్‌లో మహిళా సంఘం షెడ్డు. రాసిచ్చింది నేనే. ఫారంలో ఒక్క చోటుకే జాగా ఇచ్చారు, నేనేం చేయను? చక్రాలున్న బాయిలర్ అది. ట్రాక్టర్ వెనకాల కట్టుకుని ఏ చేనులో పసుపు తవ్వితే ఆ చేనుకి పోతుంది. తవ్విన రెండు మూడు రోజుల్లో పసుపు ఉడకాలి, లేకపోతే పాడైపోతుంది. పసుపు నడిచి షెడ్డుకి రాదు కదా!

సాయంత్రం హైదరాబాద్ నుంచి కిషోర్‌బాబు గారి ఫోన్. రాష్ట్రం మొత్తానికి ఆయనే పెద్ద. "విజయశ్రీ గారూ, సీజన్ చివర్లో లిస్బన్ నుంచి మనిషి వస్తుంది. అప్పటికి ఆ చుక్క ఆకుపచ్చగా లేకపోతే బాయిలర్‌ని లారీ ఎక్కించి ఇంకో రాష్ట్రానికి పంపేస్తారు. తర్వాత నన్ను అనొద్దు."

పంపనిస్తానా? కిందటేడు వరకూ సంఘం ఆడవాళ్ళు పెద్ద రైతులందరిదీ అయ్యాక మిగిలిన రోజున కిరాయి బాయిలర్ కోసం కాళ్ళావేళ్ళా పడేవాళ్ళు. అదీ దొరక్కపోతే కడాయిల్లో ఉడికించి చేతులు కాల్చుకునేవాళ్ళు. సంఘం పెద్ద హన్మవ్వ మోచేతి మీద మచ్చ ఇప్పటికీ ఉంది. ఈ బాయిలర్ మోర్తాడ్ నుంచి కదలదు. అంతే.

ఫిబ్రవరి 6, గురువారం

లిస్బన్ నుంచి మెయిల్. "ఆస్తి నీటిలో మునిగిందా? వెంటనే తెలియజేయండి."

నిన్న బాయిలర్ మెండోర వైపు పోయింది. అక్కడ చేలు గోదావరి నీళ్ళని ఆనుకునే ఉంటాయి. డబ్బా లెక్క కాస్త అటూ ఇటూ అయి, చుక్క పోయి నీళ్ళ నడిమధ్యన పడింది. రాసింది ఇసబెల్, లిస్బన్‌లో మన పనులు చూసే ఆఫీసరు. మా డ్రైవర్ ఆత్మారాంకి చెబితే స్టీరింగ్ కొట్టుకుంటూ నవ్వాడు.

"మునిగిందా అని అడుగుతుండ్రా మేడం? ఈత కొడుతున్నదని రాయుండ్రి."

"మునగలేదు, పొలంలో ఉంది" అని మర్యాదగా రాశాను. "అయితే షెడ్డులో ఎందుకు లేదు?" అని ఇంకో మెయిల్.

ఫిబ్రవరి 8

ఎరుపు.

ఫిబ్రవరి 11, మంగళవారం

ఇవాళ లిస్బన్‌తో వీడియో మీటింగు. వాళ్ళకి పొద్దున తొమ్మిది, నాకు మధ్యాహ్నం రెండున్నర. టిఫిన్ డబ్బాలో సగం అన్నం అలాగే ఉంచి కూర్చున్నాను. అవతల ఇసబెల్ చేతిలో కాఫీ, వెనకాల కిటికీలో పొద్దుటి వెలుగు.

నెల నుంచీ బుర్ర బద్దలు కొట్టుకుంటున్న సంగతి ఇవాళ తెలిసింది. తొమ్మిదీ అయిదూ అంటే వాళ్ళ తొమ్మిదీ అయిదూ! మనకి మధ్యాహ్నం రెండున్నర నుంచి అన్నమాట. మన ఆడవాళ్ళు తెల్లారకముందే మంట పెడతారు, ఎండెక్కేసరికి ఉడికిన కొమ్ములు కల్లంలో పరిచేస్తారు. లిస్బన్‌లో తొమ్మిది కొట్టేసరికి మన బాయిలర్ చల్లారి, హన్మవ్వ అన్నం తిని ఓ కునుకు తీసి లేచి ఉంటుంది.

"వేళలు మార్చండి" అన్నాను. పాపం, ఇసబెల్ చెడ్డదేమీ కాదు, అర్థం చేసుకుంది. కానీ వేళలు మార్చేది ఇంకో విభాగమట. వాళ్ళు మూడు నెలలకోసారి విన్నపాలు తీసుకుంటారట. ఈసారి ఏప్రిల్‌లో. ఏప్రిల్‌కి ఇక్కడ పసుపు చేలల్లో ఏముంటుంది, దుమ్ము తప్ప!

పోనీలే. నాకూ ఒక ఉపాయం ఉంది.

ఫిబ్రవరి 12, బుధవారం

మోర్తాడ్ వెళ్ళొచ్చాను. షెడ్డు ముందు హన్మవ్వ కట్టెలు పేర్పిస్తోంది. చుక్క సంగతంతా చెప్పాను. మధ్యాహ్నం రెండున్నర దాటాక బాయిలర్ షెడ్డు దగ్గర ఉండాలి, వేడిగా ఉంటే చాలు, చుక్క ఆకుపచ్చ అవుతుంది, బాయిలర్ మనకే ఉండిపోతుంది అన్నాను.

"రోజు ఉండాల్నా?"

"రోజూ ఉంటే మంచిది అవ్వా."

హన్మవ్వ చేతిలో కట్టె కింద పెట్టి బాయిలర్ వంక చూసింది. "సరే బిడ్డ. నువ్వు దొరలకు మాటిచ్చినవంటె మేం ఇచ్చినట్టె గద. అయితది తీయ్" అంది.

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటుందనుకోలేదు. దారంతా పాటలు పెట్టించుకుని వచ్చాను.

ఫిబ్రవరి 17, సోమవారం

ఆకుపచ్చ!!

ఫిబ్రవరి 18

ఆకుపచ్చ. ఇసబెల్ మెయిల్‌లో నవ్వుముఖం బొమ్మ పెట్టింది.

ఫిబ్రవరి 23, ఆదివారం

బోధన్ దగ్గర మా క్యాంపుకి వచ్చాను, కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల ఊళ్ళని ఇక్కడ అలాగే అంటారు. నాన్న వాకిట్లో మంచం వేసుకుని కాలవ వంక చూస్తూ కూర్చున్నారు. ఒకప్పుడు మా నాన్న చెన్నకేశవరావు గారి చెరుకంటే ఈ చుట్టుపక్కల పేరే వేరు. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక అంతా వరే.

చుక్క కథ చెప్పి, ఎలా గెలిచానో చెప్పాను. నాన్న మెచ్చుకుంటారనుకున్నాను.

"మేం మాత్రం చెరుకు పండిన రోజున కొట్టేవాళ్ళం అనుకున్నావేంటమ్మా? ఫ్యాక్టరీ వాళ్ళు తేదీ ఇస్తేనే కత్తి పట్టేది. ఒక్కోసారి ఆ తేదీ వచ్చేసరికి చెరుకు ఎండి బెండైపోయేది."

"మరేం చేసేవాళ్ళు?"

"ఏముంది, ఫ్యాక్టరీ ఫీల్డ్‌మ్యాన్‌ని సైకిలు మీద ఎక్కించుకుని తోటకి తీసుకుపోయేవాణ్ణి. ఒక గడ విరిచి చేతిలో పెట్టేవాణ్ణి. ఆఫీసులో కూర్చున్నోడికి కాగితం ఎన్నిసార్లు ఇస్తే ఏం లాభం?"

నాన్నకి పాత కబుర్లు దొరికితే చాలు. నా చుక్కని పక్కన పెట్టేశారు.

ఫిబ్రవరి 25

ఆకుపచ్చ. కిషోర్‌బాబు గారు అన్ని జిల్లాలకీ నా పేరు పెట్టి మెసేజి పంపారు. "నిజామాబాద్‌ని చూసి నేర్చుకోండి."

మార్చి 1, శనివారం

కమ్మర్‌పల్లిలో నా స్నేహితురాలు స్నేహలత వాళ్ళ గృహప్రవేశానికి వెళ్ళి వస్తూ, దారే కదా అని మోర్తాడ్‌లో ఆగాను. చెప్పకుండా వెళ్ళాను.

మధ్యాహ్నం మూడు దాటింది. షెడ్డు ముందు బాయిలర్ బుసబుసమని ఆవిరి వదులుతోంది. హన్మవ్వ కొంగు నడుముకి చుట్టుకుని మంట ఎగదోస్తోంది. మిగతా ఆడవాళ్ళు నీడన కూర్చున్నారు. కల్లంలో కొమ్ములు లేవు. ఉడికించే డ్రమ్ములు మూతలు తీసి ఉన్నాయి, ఖాళీ.

"పసుపేది అవ్వా?"

"పసుపు తెల్లారంగనె ఉడికె గద. గిది లిస్బనోళ్ళకు ఉడికిస్తున్నం."

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. అప్పుడర్థమైంది.

"ఒట్టి నీళ్ళా?"

"నువ్వే అంటివి గద బిడ్డ, వేడుంటె చాలని."

రెండు వారాల నుంచీ ఇదే పనట. తెల్లవారుజామున దగ్గర చేలల్లో పసుపు ఉడికించడం, మధ్యాహ్నం లోపల బాయిలర్‌ని షెడ్డుకి లాక్కొచ్చి పొద్దుగూకే దాకా ఒట్టి నీళ్ళు మరిగించడం. రోజూ తిరిగి రావాలి కాబట్టి ట్రాక్టర్ దూరం పోవడం లేదు. కమ్మర్‌పల్లి వైపు వాళ్ళు కిరాయి బాయిలర్ తెచ్చుకున్నారు. మెండోర వైపు ఎవరూ తెచ్చుకోలేదు.

మెండోరలో కౌలు చేస్తున్నది హన్మవ్వే.

"మరి నీ పసుపు?"

"ఉన్నది తీయ్" అని మొహం అటు తిప్పుకుని ఇంకో కట్టె దోసింది.

మార్చి 2, ఆదివారం

నేను చెప్పింది ఇంతే. షెడ్డు దగ్గర ఉంటే మంచిది అన్నాను. నీళ్ళు మరిగించమని నేనెందుకు చెబుతాను? మనిషన్నాక ఆ మాత్రం ఆలోచించుకోవాలి. హన్మవ్వకి ఫోన్ లేదా? ఒక్క ముక్క చెప్పి ఉంటే నేను చూసుకునేదాన్ని కదా. నేను చెప్పింది ఇంతే.

అదే రోజు, సాయంత్రం

ఫిబ్రవరి పన్నెండో తేదీ పేజీ తిప్పి చదివాను. చెప్పాను.

మార్చి 5, బుధవారం

మెండోర వెళ్ళాను. హన్మవ్వ రమ్మనలేదు, నేనే వెళ్ళాను. చేను గట్టు మీద పసుపు కుప్ప, పైన పాత చీరలు కప్పి ఉన్నాయి. చీర ఎత్తితే వాసన కొట్టింది. చేయి పెడితే కొమ్ములు మెత్తగా నలిగాయి. అడుగున బూజు పట్టింది.

"ఎందుకు చెప్పలేదవ్వా? నన్ను తిట్టి అయినా చెప్పొచ్చు కదా!"

"ఏం చెప్పాలె? నా ఒక్కదాని పసుపు సూసుకుంటె సంఘం బాయిలర్ పాయె అంటరు గద రేపు. పెద్దమనిషిని నేను. నాదె ముందు అంటె ఎట్లుంటది?"

కోపంగా ఉంటే బాగుండేది. మామూలుగా చెప్పింది. కళ్ళు మాత్రం కుప్ప మీదే ఉన్నాయి. చేనులో సగం ఇంకా తవ్వలేదు, భూమిలోనే ఉంచింది. ఎన్నాళ్ళుంచుతుంది?

ఆ సగం ఉడకాలి. హన్మవ్వ చేను దగ్గరే ఉడకాలి.

మార్చి 6

ఆకుపచ్చ. చూస్తే ఒళ్ళు మండుతోంది.

మార్చి 11, మంగళవారం

మీటింగు. ఇసబెల్ మహా సంతోషంగా ఉంది. మా చుక్క అన్ని దేశాల్లోకీ నిలకడగా ఉన్న చుక్కట. అందుకని బహుమానం: షెడ్డు దగ్గర సిమెంటు దిమ్మ కట్టి, చక్రాలు ఊడదీసి, బాయిలర్‌ని అక్కడే పాతేస్తారట! ఇరవయ్యో తేదీన తనే వచ్చి సంతకం పెడుతుందట.

పాతేస్తే ఇక అది బాయిలరా, బొమ్మా? మోర్తాడ్ నాలుగు వీధుల్లో పసుపు పండుతుందా?

నేను నోరు తెరిచేలోపల కిషోర్‌బాబు గారు థాంక్యూలు చెప్పేశారు. మీటింగయ్యాక నాకు ఫోన్ చేశారు. "ఒక్క మాట మాట్లాడొద్దు. బాయిలర్ పోకూడదు అన్నారు, పోవడం లేదు. ఇంకేం కావాలి మీకు? జూన్‌లో మీ కాంట్రాక్టు పొడిగింపు కూడా ఉంది, గుర్తుంచుకోండి."

గుర్తుంది. అది ఆయన గుర్తు చేయడమే నాకు నచ్చలేదు.

మార్చి 12, బుధవారం

పొద్దున్నే హన్మవ్వకి ఫోన్ చేసి, చక్రాలు ఊడదీసి పాతేసే సంగతి చెప్పాను. "ఇవాళ్టి నుంచి షెడ్డుకి తేవద్దు. ఒట్టి నీళ్ళు మరిగించొద్దు. పసుపు ఎక్కడుంటే బాయిలర్ అక్కడికి పోవాలి. ఎన్ని ఊళ్ళయినా సరే" అన్నాను.

"మరి సుక్క?"

"ఎర్రగా ఉండనీ."

"బాయిలర్ పోతె?"

"పోనివ్వను" అన్నాను. ఫోన్ అవతల ట్రాక్టర్ స్టార్టయిన చప్పుడు. తర్వాత హన్మవ్వ ఎవరితోనో గట్టిగా, "కట్టుండ్రి వయ్, మెండోర తొవ్వలున్నోళ్ళందరి పసుపు ముందు గానియ్యాలె!" అంది. మళ్ళీ తనది చివరికే నెట్టుకుంది, మొండి మనిషి.

మార్చి 13

ఎరుపు. కిషోర్‌బాబు గారివి తొమ్మిది ఫోన్లు. తీయలేదు.

మార్చి 14

ఎరుపు. ఇవాళ హోలీ, ఆత్మారాం చొక్కా కూడా ఎరుపే.

మార్చి 17

ఎరుపు. కిషోర్‌బాబు గారి ఫోన్ ఒకసారి ఎత్తాను. "సిగ్నల్ సరిగ్గా లేదని చెబుదాం" అంటారు ఆయన. ఆత్మారాం ఇంకా ముదురు: "డబ్బా ఊడదీసి షెడ్డుల పొయ్యి పక్కన తగిలేద్దాం మేడం, బాయిలర్ దాని తొవ్వన అది పోతది." ఒక్క క్షణం ఆశ పుట్టింది, అబద్ధం ఎందుకు? కానీ అలా చేస్తే ఏటేటా పొయ్యి దగ్గర ఎవరో ఒకరు కాపలా కూర్చోవాలి. నేను కూర్చోబెట్టిన వాళ్ళు చాలు.

మార్చి 20, గురువారం

ఎక్కడా ఏమీ మర్చిపోకుండా రాయాలి.

ఇసబెల్‌ని నిజామాబాద్ హోటల్లో ఎక్కించుకున్నాం. ముందు సీట్లో కిషోర్‌బాబు గారు, వెనకాల మేమిద్దరం. సన్నగా, పొడుగ్గా ఉంది, ఎండకి అప్పుడే ముక్కు ఎర్రబడింది. ఆవిడ కార్యక్రమం లిస్బన్‌లోనే ఖాయమైంది. పదకొండుకి షెడ్డు, పన్నెండున్నరకి తిరుగు ప్రయాణం. సూర్యోదయానికి ముందు కారు కదలకూడదు, నిజామాబాద్-మోర్తాడ్ రోడ్డు తప్ప ఇంకో రోడ్డు ఎక్కకూడదు. భద్రతా నియమాలట.

మోర్తాడ్ దగ్గరపడుతుంటే ఆవిడ ఫోన్‌లో మ్యాపు తీసింది. "వారం నుంచీ ఎర్రగా ఉంది. ఏమైంది?" అని అడిగింది.

"సిగ్నల్ సమస్య మేడం, రేపటికి సరిచేస్తాం" అన్నారు కిషోర్‌బాబు గారు వెనక్కి తిరిగి.

"సిగ్నల్ బాగానే ఉంది. ఈ ఎరుపే నిజం. మీరు మెచ్చుకున్న ఆకుపచ్చే అబద్ధం" అన్నాను.

ఆత్మారాం ఎవరూ చెప్పకుండానే బండి పక్కకి తీసి ఆపాడు. నేను మొత్తం చెప్పాను. ఒట్టి నీళ్ళ సంగతి, కుప్ప సంగతి, నేను చెప్పిన మాట. కిషోర్‌బాబు గారు కిటికీ వైపు తిరిగిపోయారు.

"ఇప్పుడు బాయిలర్ ఎక్కడుంది?" అని అడిగింది ఇసబెల్.

"మెండోర వైపు. రండి, చూపిస్తాను."

"ఆ రోడ్డుకి అనుమతి లేదు. నేను అడగాలి" అని ఇసబెల్ ఫోన్ తీసింది. తీసి, టైము చూసి, ఆగిపోయింది. లిస్బన్‌లో అప్పుడు పొద్దున అయిదున్నర. ఎవరికి చేసినా ఎత్తరు. ఆఫీసు తెరిచేసరికి ఇక్కడ రెండున్నర, అప్పటికి ఆవిడ హైదరాబాద్ దారిలో ఉండాలి.

అలా ఫోన్ పట్టుకుని ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. "అందరూ నిద్రలో ఉన్నారు. వద్దనడానికి ఎవరూ లేరు" అంది. "పదండి."

నాన్న సైకిలు గుర్తొచ్చింది.

మెండోర దాటాక ఆత్మారాం మూడుచోట్ల అడిగాడు. "పసుపు బాయిలర్ ఎటు పోయింది?" అంటే మేకలు కాసేవాడు కూడా చెయ్యెత్తి చూపించాడు. నీళ్ళకి దగ్గరగా ఒక చేను, వేపచెట్టు కింద బాయిలర్, ఇంకా ఆవిరి చిమ్ముతోంది. ఆడవాళ్ళు వేడి వేడి కొమ్ములు తట్టలతో తెచ్చి కల్లంలో పరుస్తున్నారు. హన్మవ్వ ఒక కొమ్ముకి పుల్ల గుచ్చి, దిగిందని తల ఊపి, అప్పుడు మా వైపు తిరిగింది.

"గీమెనేనా లిస్బనామె?"

"అవునవ్వా."

"నేను చెప్పేది చెప్తవా? ఒక్క మాట గూడ మింగొద్దు."

"మింగను."

హన్మవ్వ ఇసబెల్ ఎదురుగా వచ్చి నిలబడింది. "మీ సుక్క కోసం కట్టెలు కాలవెట్టినం. మీ సుక్క కోసం ఒట్టి నీళ్ళు కాసినం. నా పసుపు కుప్ప మురిగిపాయె. ఈ పోరి చెప్పిందని చేసినం, ఈమెది గూడ తప్పె. ఇప్పుడు చక్రాలు పీకి పాతి పెడతరంట. పాతి పెడితె మాకు వద్దు, తీస్కపోండ్రి. తిరిగెటట్టుంటెనె ఉంచుండ్రి."

ఒక్క మాట కూడా మింగలేదు. "ఈమెది గూడ తప్పె" అన్నదీ అలాగే చెప్పాను. ఇసబెల్ నా మొహం చూసి, హన్మవ్వ మొహం చూసి, ఆ కుప్ప ఎక్కడుందో చూపించమంది. చూపించాం. చీర తనే ఎత్తింది. గుప్పెడు కొమ్ములు తీసి చేతిలో నలిపి, వాసన చూసింది.

వెళ్ళేటప్పుడు ఏమీ మాటివ్వలేదు. చేతులకి పట్టిన పసుపు మాత్రం కడుక్కోలేదు.

మార్చి 21

ఎరుపు. ఏ కబురూ లేదు.

మార్చి 24

కిషోర్‌బాబు గారు నాకు సంజాయిషీ నోటీసు పంపారు. రాసిచ్చాను. జరిగింది జరిగినట్టు రాశాను, ఆయన "సిగ్నల్" అన్న మాటతో సహా.

మార్చి 27, గురువారం

లిస్బన్ నుంచి మెయిల్. మూడుసార్లు చదివాను, నమ్మకం కుదరక.

సిమెంటు దిమ్మ రద్దు. బాయిలర్‌ని "కట్టడం" పద్దులోంచి తీసి "వాహనం" పద్దులో వేశారు. వాహనం ఎక్కడైనా తిరగొచ్చు. వాహనాల వేళలకి ఏప్రిల్ దాకా ఆగక్కర్లేదట, పనివేళల గడిలో "పసుపు సీజన్" అని రాశారు. బాయిలర్ మోర్తాడ్ సంఘానికే. చివర్లో ఒక్క వాక్యం: వాహనానికి సీటుబెల్టు ఉండాలట. ఆత్మారాంకి చదివి వినిపిస్తే, "కట్టేద్దాం మేడం, గదెంత పని!" అన్నాడు.

నా కాంట్రాక్టు గురించి ఏమీ రాయలేదు. జూన్ వస్తే జూన్ సంగతి చూసుకుంటాను. ఎవరొచ్చినా ఈ పని ఇలాగే జరిగేలా రాసిపెట్టి మరీ వెళతాను.

హన్మవ్వకి ఫోన్ చేసి చెప్పాను. "మంచిగయింది" అంది. అంతే. తర్వాత, "మంగళవారం నా చేను. అస్తవా?" అంది.

ఏప్రిల్ 1, మంగళవారం

మెండోరలో, హన్మవ్వ చేను గట్టు మీద కూర్చుని రాస్తున్నాను. మిగిలిన సగం తవ్వారు. అందరి పసుపూ అయ్యాక చివరి పసుపు ఇదే. తెల్లారకముందే మంట పెట్టారు, నేనూ కట్టెలు అందించాను, కళ్ళు ఇంకా మండుతున్నాయి. కొమ్ములు మంచి రంగు తేలాయి. హన్మవ్వ ఒకటి విరిచి, లోపలి రంగు చూసి, నా చేతిలో పెట్టింది. పాత కుప్ప ఇంకా ఆ మూలన అలాగే ఉంది. దాని వంక ఇద్దరం చూడలేదు.

మొన్న ఆదివారం, మన ఉగాది రోజునే, లిస్బన్‌లో గడియారాలు గంట ముందుకి జరిపారు. అందుకని ఇప్పుడు ఒంటిగంటన్నరకే వాళ్ళ ఆఫీసు తెరిచారు. తెరిచీ తెరవగానే ఇసబెల్ మెసేజి వచ్చింది. భయంభయంగా మ్యాపు తీసి చూశాను. చుక్క మళ్ళీ పోయి గోదావరి నీళ్ళ నడుమ కూర్చుంది.

మునిగిందా అని అడగలేదు.

"ఈ రోజు ఎవరి పసుపు?" అని అడిగింది.

"హన్మవ్వది" అని రాశాను.